మీయా నావిడ్నా కవ్జాసౌజ్‌నెక్: ఇందులో క్రియ ఏది? (కార్నిష్ భాష)

బ్రిస్టల్‌బాబాయ్:
అందరికీ నమస్తే. పోయిన వారం పిల్లల సెలవులని కార్న్‌వాల్ వెళ్ళొచ్చాం. తెలియనివాళ్ళ కోసం, ఇంగ్లండ్ పటంలో కింద ఎడమవైపు సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొస ఉంటుందే, అదే. అక్కడ వీధి బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి, ఒకటి ఇంగ్లీషు, ఇంకోటి కార్నిష్ అని ఆ ఊళ్ళ పాత భాష. వెల్ష్‌కీ, ఫ్రాన్స్‌లో మాట్లాడే బ్రెటన్‌కీ చెల్లెలు వరస. సరే విషయానికొస్తా, తిరిగొచ్చాక రిచర్డ్ కేర్యూ అనే ఆయన 1602లో కార్న్‌వాల్ గురించి రాసిన పుస్తకం నెట్‌లో తిరగేస్తుంటే ఒక వాక్యం కనపడింది. కొత్తవాడెవడైనా దారి అడిగితే అక్కడి మనుషులు "మీయా నావిడ్నా కవ్జాసౌజ్‌నెక్" అంటారట. ఆయనే పక్కన ఇంగ్లీషులో అర్థం ఇచ్చాడు, "నేను సాక్సనేజ్ మాట్లాడలేను" అని. సాక్సనేజ్ అంటే ఇంగ్లీషు అన్నమాట. నాకు రెండు రోజుల నుంచీ ఇదే గోల, ఇందులో క్రియ ఏది, "లేను" అనే ముక్క ఎక్కడుంది? కార్నిష్ డిక్షనరీలో న అక్షరం మొత్తం వెతికా, "నావిడ్నా" అనే మాటే లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి బాబూ, నిద్ర పట్టట్లేదు.

మగ్గం_సిరిసిల్ల:
అన్నా గిది దారి అడిగితే తిట్టినట్టే ఉంది గదా 😂 కవ్జా సౌజ్‌నెక్ అంటే "పోరా పోరా" అనేమో

భాషాపిచ్చి:
మగ్గం అన్నా, నువ్వు సరదాకన్నా దానికి చాలా దగ్గరికొచ్చావ్, చివర్లో చెప్తా.

బాబాయ్ గారూ, ముందు మాటలు విడగొడదాం. ఆ రోజుల్లో ప్రింట్‌లో యు, వి రెండూ ఒకటే అక్షరం లెక్క, పుస్తకంలో అది యు తోనే ఉంటుంది, మీరు వి అని చదవడం కరెక్టే. పైగా కేర్యూ ఉండేది ఆంటొనీ అనే చోట, ప్లిమత్ పక్కన, కార్న్‌వాల్‌కి తూర్పు అంచు. ఆయన కాలానికే అటువైపు కార్నిష్ పోయింది. అందుకని చెవికి పడ్డది పడ్డట్టు ముద్ద చేసి రాసేశాడు. విప్పితే ఇలా ఉంటుంది:

మీ(యా) - నా - విడ్నా - కవ్జా - సౌజ్‌నెక్

మీ అంటే నేను. నా అంటే "కాదు, లేదు" అనే వ్యతిరేకపు ముక్క. కవ్జా అంటే మాట్లాడటం, పాత నాటకాల్లో కెవ్‌జెల్ అని ఉంటుంది. సౌజ్‌నెక్ అంటే ఇంగ్లీషు భాష. ఇంగ్లీషువాణ్ణి వాళ్ళు "సౌజ్" అంటారు, సాక్సన్ (ఇంగ్లీషువాళ్ళ పూర్వీకుల తెగ పేరు) నుంచి వచ్చింది, స్కాట్లండ్‌లో ఇంగ్లీషువాళ్ళని ససనాక్ అంటారు చూడండి, అదీ ఇదీ ఒకే వేరు. కేర్యూ "సాక్సనేజ్" అని రాసింది కూడా ఆ మాటకి తొడుగు వేసినట్టే. ఇంక మిగిలింది విడ్నా. అదే మీ క్రియ. వాక్యం బరువంతా దాని మీదే ఉంది.

బ్రిస్టల్‌బాబాయ్:
థాంక్యూ అమ్మా. కానీ వ అక్షరం కింద కూడా ఇప్పుడే చూశా, విడ్నా లేదు, విడ్ తో మొదలయ్యేదే ఏమీ లేదు. డిక్షనరీ తప్పా నేను తప్పా?

పంతులుగారు:
నాయనా, నేను ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు కార్నిష్ ఓనమాలు తెలియవు. కానీ ఇది చూడగానే ఒక మాట తట్టింది. "కూరగాయ"లో "గాయ" అనే మాట కోసం నిఘంటువులో గ కింద వెతికితే దెబ్బలు, పుండ్లు దొరుకుతాయి. అసలు మాట కాయ. "అన్నదమ్ములు"లో దమ్ముడు ఎవడు? తమ్ముడు. గసడదవాదేశం అని ఎనిమిదో తరగతి పిల్లల చేత వల్లె వేయించేవాణ్ణి, క చ ట త ప లు గ స డ ద వ లు అవుతాయని. ఆ భాషలో కూడా మాట మొదటి అక్షరం అలా మారే పద్ధతి ఏమైనా ఉన్నదా? ఉంటే మీ వాడు వ కింద కాదు, ఇంకో అక్షరం కింద వెతకాలి.

భాషాపిచ్చి:
పంతులుగారూ మీ కాళ్ళకి దండం 🙏 సరిగ్గా అదే. కార్నిష్‌లో మాట మొదటి హల్లు ముందున్న ముక్కని బట్టి మెత్తబడుతుంది. కాథ్ అంటే పిల్లి, దాని ముందు "అన్" చేరిస్తే "అన్ గాథ్", ఆ పిల్లి అని. పెన్ అంటే తల, "దా బెన్" అంటే నీ తల. క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది, బ-మ రెండూ వ అవుతాయి. కారణం కూడా మన గసడదవకి చుట్టమే, ఎప్పుడో పాతకాలంలో ముందు మాట అచ్చుతో ముగిసినప్పుడు రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న హల్లు మెత్తబడింది, తర్వాత ఆ ముందు అచ్చు అరిగిపోయింది, మెత్తదనం మాత్రం మిగిలిపోయింది. గాయం మానిపోయి మచ్చ మిగిలినట్టు.

కాబట్టి విడ్నా మొదట్లో వ ఉందంటే అసలు అక్షరం బ అయినా కావాలి మ అయినా కావాలి. ఇక్కడ మ. డిక్షనరీలో "మిన్నెస్" చూడండి. అదే క్రియ.

ఒక్కటే మాట మూడు ముఖాలతో తిరుగుతుంది. ఏమీ ముందు లేకపోతే మిన్నవ్. "అ" గానీ "నీ/నా" గానీ ముందొస్తే విన్నవ్. "ఇ" అని ఇంకో చిన్న ముక్క ఉంది, అది ముందొస్తే ఇ ఫిన్నవ్. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి నెల డిక్షనరీ విసిరికొట్టేది ఇందుకే.

మగ్గం_సిరిసిల్ల:
ఆగు ఆగు. "నీ విన్నవ్" అంటే ఆళ్ళ భాషల "నేను చెయ్య" అనా? మా అమ్మ రోజూ అంటది గదా "నువ్ విన్నవ్?" అని, నేను వినలే అంట 😂😂

పెన్నాతీరం:
జోకులు పక్కన పెట్టబ్బా. మిన్నెస్ లో డ యాడుంది? మిన్నవ్ అంటారు మీరు, ఆయప్ప విడ్నా అని రాసినాడు. మధ్యలో డ, చివర వ్ మాయం. ఇట్లా అయితే ఏ మాటనైనా ఏ మాటకైనా ముడి వేయొచ్చు గదా. నేను నమ్మను.

భాషాపిచ్చి:
నమ్మకపోవడం మంచిదే పెన్నా గారూ, ఈ రెండింటికీ లెక్కుంది, గాల్లో కట్టింది కాదు.

చివరి వ్: "నేను" కోసం క్రియ చివర వచ్చే ప్రత్యయం -అవ్. ఆఖరి వ్ చాలా మెత్తటిది, తర్వాతి కాలంలో నోట్లో నిలవలేదు, -అ మాత్రం మిగిలింది. మిన్నవ్ కాస్తా మిన్న అయ్యింది. మన "వచ్చాను" లోంచి ను జారిపోయి "వచ్చా" అవ్వలేదూ? మీరు పైన "వెతికా", "చూశా" అని చదివారు కదా, ఎవరూ అడగలేదు ను ఏదని.

మధ్యలో డ: ఇది ఇంకా బాగుంటుంది. 1500ల తర్వాత కార్నిష్‌లో నొక్కి పలికే అచ్చు వెనక న్న వస్తే దాని ముందు చిన్న డ పుట్టింది, మ్మ వస్తే చిన్న బ పుట్టింది. పెన్ (తల) పెడ్న్ అయ్యింది, మామ్ (అమ్మ) మాబ్మ్ అయ్యింది, గ్విన్ (తెలుపు) గ్విడ్న్ అయ్యింది. పడమటి కొసన ఊళ్ళ పేర్లలో ఇప్పటికీ పెడ్న్ అని బోర్డుల మీద ఉంటుంది, టోల్ పెడ్న్ పెన్విత్ అని సముద్రం ఒడ్డున ఒక చోటు పేరు. ఒకే పేరులో పెడ్న్, పెన్ రెండూ ఉన్నాయి చూడండి, ఒత్తు పడ్డ చోట డ పుట్టింది, పడని చోట పుట్టలేదు. 1700 ప్రాంతంలో ఎడ్వర్డ్ లూయిడ్ అనే వెల్ష్ పండితుడు కార్న్‌వాల్ తిరిగి, 1707లో అచ్చేసిన పుస్తకంలో కార్నిష్ వ్యాకరణం కూడా పెట్టాడు, ఆయన రాతల నిండా ఈ డ్న్‌లూ బ్మ్‌లే. కేర్యూ వాక్యం విలువ ఇక్కడే ఉంది, 1602 నాటికే మామూలు మనిషి నోట్లో ఆ డ ఉందని మనకి సాక్ష్యం.

సో: మిన్నవ్, ముందు వ్యతిరేకం వచ్చి విన్నవ్, డ పుట్టి విడ్నవ్, తోక ఊడి విడ్నా. నాలుగు మెట్లు.

పెన్నాతీరం:
సరే ఒప్పుకున్నా. మరి అర్థం? మిన్నెస్ అంటే "చేతకావడం" అనా?

భాషాపిచ్చి:
కాదు!! ఇందాకట్నుంచీ ఈ ప్రశ్న కోసమే కాసుక్కూర్చున్నా. మిన్నెస్ అంటే అనుకోవడం, కోరుకోవడం, ఇష్టపడటం. వెల్ష్‌లో దీని అక్క మిన్ని, అక్కడ అర్థం ఇంకా గట్టిది, పట్టుబట్టడం. బ్రెటన్‌లో మెన్నౌట్, కోరుకోవడం. చేతకాకపోవడానికి కార్నిష్‌లో వేరే క్రియ ఉంది, గాలోస్. దాంతో చెప్పాలంటే "మీ నీ అల్లవ్ కెవ్‌జెల్ సౌజ్‌నెక్" అనాలి (గ మెత్తబడితే ఏకంగా మాయమైపోతుంది, అదో గోల). తెలియదు అనడానికి ఇంకోటి, గొద్‌వొస్, "నీ వొన్" అంటే నాకు తెలీదు.

ఆ మనిషి అల్లవ్ అనలేదు, వొన్ అనలేదు. విడ్నా అన్నాడు.

అంటే: నేను ఇంగ్లీషు మాట్లాడను. మాట్లాడలేను కాదు.

అందుకే మగ్గం అన్నకి చెప్పా, దగ్గరికొచ్చావని.

మగ్గం_సిరిసిల్ల:
అబ్బ జబర్దస్త్!! గిట్ల చెప్పు మరి. రాక కాదు, మాట్లాడ. అంతే.

లలిత_డల్లాస్:
నేను రెండు రోజుల నుంచి సైలెంట్‌గా చదువుతున్నా, ఇప్పుడు ఆగలేకపోతున్నా. మా నాయనమ్మ హోసూరులో నలభై ఏళ్ళు ఉంది, కన్నడం, తమిళం రెండూ గడగడా అర్థమవుతాయి. కూరగాయలవాడు తమిళంలో రేటు చెబితే తెలుగులో బేరమాడేది. వాడు ఓరోజు "పాటీ, తమిళం రాదా?" అంటే నాయనమ్మ సంచి చంకలో పెట్టుకుని "మాట్లాడను" అంది. నేను పక్కనే ఉన్నా, చిన్నపిల్లని, "అమ్మమ్మ వాళ్ళతో మాట్లాడతావుగా నాయనమ్మా" అన్నా. "అది వేరు, ఇది వేరు" అని బెండకాయలు విరిచి చూసుకుంటోంది.

ఇప్పుడు ఆలోచిస్తే మన "మాట్లాడను" కూడా దొంగమాటే కదా. "నేను మాంసం తినను" అంటే అలవాటు లేదని, "ఇవాళ తినను" అంటే వద్దని. రెంటికీ ఒకటే రూపం. వినేవాడు ఏది కావాలంటే అది తీసుకుంటాడు. పాపం కేర్యూ కూడా అలా పొరబడ్డాడేమో?

పాతపుస్తకం:
లలిత గారూ ఇక్కడ నేనొక అడ్డుపుల్ల వేయాలి. కేర్యూ పొరబడలేదండి. బాబాయ్ గారు ఇచ్చింది వాక్యం ఒక్కటే, దాని ముందు వాక్యం ఇవ్వలేదు. నా దగ్గర ఆ పేజీ ఉంది. ఆయన చెప్పేది ఏంటంటే, ఇక్కడ జనంలో చాలామందికి కార్నిష్ ఒక్క ముక్క రాదు, ఇంగ్లీషు రానివాళ్ళు మాత్రం బహు తక్కువ, అయినా కొందరికి తమ భాష మీద ఎంత మమకారమంటే కొత్తవాడితో ఇంగ్లీషు మాట్లాడరు, అని. "మాట్లాడరు" అనే ఉంది, "మాట్లాడలేరు" అని కాదు. ఆ వెంటనే, ఎలాగంటే దారి అడిగితే ఇలా జవాబిస్తారు అని ఈ వాక్యం ఎత్తుకున్నాడు. అంటే వచ్చి కూడా రానట్టు చెప్తారని ఆయనకి బాగా తెలుసు. అదే ఆయన ఫిర్యాదు! వాళ్ళు చెప్పే సాకుని సాకులాగే ఇంగ్లీషులో పెట్టాడు.

ఇంకో చిన్న సంగతి, ఆయన కాలపు ఇంగ్లీషులో క్యాన్ అంటే "చేయగలగడం" మాత్రమే కాదు, "తెలియడం" కూడా. కార్నిష్ ఒక్క ముక్క రాదు అని ఆయన చెప్పిన చోట కూడా అదే క్యాన్ వాడాడు. ఇవాళ్టి క్యాన్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివితే మెలిక తప్పిపోతుంది.

భాషాపిచ్చి:
ఓ! ఇది నేను మొత్తం చదవలేదు, ఒప్పేసుకుంటున్నా. నేను ఇన్నాళ్ళూ "కేర్యూ తప్పు తర్జుమా చేశాడు" అని క్లాసులో కూడా చెప్పా 🙈 తప్పు కాదన్నమాట. కానీ పాతపుస్తకం గారూ, సాకు ఆయన తర్జుమాలోనే ఉంది, కార్నిష్ వాక్యంలో లేదు కదా? జవాబిచ్చిన మనిషి అబద్ధమాడలేదు. తన భాషలో నిజమే చెప్పాడు, మాట్లాడను అని. అవతలివాడికి అది అర్థం కాదని తెలిసి మరీ చెప్పాడు, అదీ కార్నిష్‌లో. మొహం మీదే అన్నాడు, వీడికి పట్టదులే అని.

పాతపుస్తకం:
అది బాగుంది. ఒప్పుకున్నా.

దీనికి యాభై ఏళ్ళ ముందు సంగతి ఒకటి. 1549లో, అప్పటిదాకా లాటిన్‌లో ఉన్న చర్చి ప్రార్థనలన్నీ ఇకనుంచి ఇంగ్లీషులోనే అని రాజుగారి ప్రభుత్వం కొత్త ప్రార్థనల పుస్తకం పంపితే కార్న్‌వాల్, పక్కన డెవన్ తిరగబడ్డాయి. తిరగబడ్డవాళ్ళు రాసిపంపిన కోరికల్లో ఒకటి, కార్నిష్ వాళ్ళమైన మేము, మాలో కొందరికి ఇంగ్లీషు అర్థమే కాదు, ఈ కొత్త ఇంగ్లీషుని పూర్తిగా తోసిపుచ్చుతున్నాం, అని. రాదు, వద్దు రెండూ ఒక్క వాక్యంలోనే. దానికి ఆర్చిబిషప్ క్రాన్మర్ ఇచ్చిన జవాబు చూడండి, మీలో ఇంగ్లీషు తెలిసినవాళ్ళకన్నా లాటిన్ తెలిసినవాళ్ళు ఎక్కువున్నారా అని. లాజిక్‌గా చూస్తే పాయింటే, కానీ "వద్దు" అన్నవాడితో "రాదా" అని వాదిస్తే ఏం లాభం. ఆ తిరుగుబాటుని చాలా క్రూరంగా అణిచేశారు, వేలల్లో చచ్చిపోయారు.

పెన్నాతీరం:
ఒక డౌటు. మిన్నెస్ అంటే కోరుకోవడం అన్నారు. మరి నేను చూసిన ఒక పాఠంలో "మీ అ విన్ మోస్" అంటే "నేను వెళ్తాను" అని ఉంది, భవిష్యత్తు కాలం కింద. కోరికా, కాలమా? ఏదో ఒకటి తేల్చండి.

భాషాపిచ్చి:
రెండూ. ఇంగ్లీషు విల్ కూడా మొదట కోరికే, తర్వాత ఉత్త కాలం గుర్తుగా అరిగిపోయింది. కార్నిష్ మిన్నెస్ ఆ దారిలో సగం దూరం నడిచి ఆగింది అనుకోండి. "మీ అ విన్ మోస్" అంటే వెళ్ళాలనుంది, వెళ్తాను, రెంటి మధ్యలో ఎక్కడో. ఉత్త భవిష్యత్తు కావాలంటే గుల్ (చేయడం) అనే క్రియని సాయం తెచ్చుకుంటారు, "మీ అ వ్రా మోస్". అందులో కోరిక వాసన ఉండదు. ఇంకాస్త మర్యాదగా "నాకు ఇది కావాలండీ" అన్నట్టు చెప్పడానికి మిన్నెస్‌లోనే వేరే రూపం ఉంది, "మీ అ విన్సా".

పంతులుగారు:
దీనికి మన ఇంట్లోనే దృష్టాంతం ఉన్నది. "వలయు" అనేది పూర్వం నిండైన క్రియ, కావలసి ఉండటం, ఇష్టమవటం. చేయవలయును, చేయవలెను, చేయాలె, చేయాలి. కోరిక పోయింది, బాధ్యత మిగిలింది, క్రియ పోయి తోక మిగిలింది. "పన్ను కట్టాలి" అన్నప్పుడు ఎవరికి కోరిక ఉంటుంది చెప్పండి. వాళ్ళ మిన్నెస్ ఇంకా పూర్తిగా తోక కాలేదు, అంతే తేడా.

బ్రిస్టల్‌బాబాయ్:
ఒక్క నిమిషం. "నేను"కి -అవ్ ప్రత్యయం అన్నారు, మరి "మీ అ విన్ మోస్"లో -అవ్ ఏదీ? మీ అంటే నేనే కదా?

భాషాపిచ్చి:
బాబాయ్ గారూ, దొంగని పట్టేశారు. కార్నిష్‌లో కర్తని ముందు పెట్టి "అ" చేర్చి చెప్తే క్రియ కదలదు. మీ అ విన్ (నేను), తీ అ విన్ (నువ్వు), నీ అ విన్ (మేము), అందరికీ ఒకటే విన్. కానీ అదే వ్యతిరేకం చేయండి, వెంటనే క్రియ మనిషిని గుర్తుపడుతుంది: మీ నీ విన్నవ్, నేను మాట... అంటే నేను ఇష్టపడను. మేము అయితే నీ విన్నిన్. ఔనన్నప్పుడు అందరూ ఒకటే, కాదన్నప్పుడు ఎవరి కాదు వాళ్ళదే.

మనకి జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు సరిగ్గా తిరగబడి ఉంటుంది. వచ్చాను, వచ్చావు, వచ్చారు అని ఔనన్నప్పుడు మనిషి మనిషికీ మారతాం, కాదన్నప్పుడు నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు. నేను ఇది మొదటిసారి గమనించినప్పుడు బస్సులో ఉన్నా, పైకే నవ్వేశా, పక్కావిడ సీటు మారింది.

అందుకే కేర్యూ వాక్యంలో విడ్నా చివర ఆ "ఆ" అంత ముఖ్యం. అది నేను. దారి చెప్పనన్న ఆ మనిషి సంతకం అది.

(బై ది వే, వాక్యం మొదట "మీ" కాకుండా "మీయా" ఎందుకుందంటే నా అనుమానం, ఔనన్న వాక్యంలోని "మీ అ" చెవికి అలవాటై అది కూడా దూరిందని. "నీ" బదులు "నా" ఉండటం మాత్రం ఆ తర్వాతి కార్నిష్‌లో మామూలే.)

లలిత_డల్లాస్:
కార్నిష్‌లో ఎస్, నో అని ఉండవట కదా? ఎక్కడో చదివా.

భాషాపిచ్చి:
మాటలు ఉన్నాయి, కానీ పద్ధతిగా చెప్పేవాళ్ళు అడిగిన క్రియనే తిప్పి ఇస్తారు. "అ విన్‌తా ఎవా కొఫీ?" కాఫీ తాగుతావా. ఔనంటే "మిన్నవ్". వద్దంటే "నా విన్నవ్". మనం "వస్తావా?" అంటే "వస్తా", "రాను" అంటాం చూడండి, అచ్చం అలా. జవాబులో "నీ" కాకుండా "నా" వస్తుంది, గమనించండి.

మగ్గం_సిరిసిల్ల:
గదే "నా విన్నవ్"కి డ పెట్టి తోక కోస్తే "నా విడ్నా". బాబాయ్ గారి నావిడ్నా మళ్ళీ వచ్చింది!! నాకూ వచ్చేసిందోచ్ కార్నిష్ 💪

పెన్నాతీరం:
మిన్నెస్ అంటే మనసుకి చుట్టమా? మనస్, మిన్, ఇంగ్లీషు మైండ్. వినడానికి బాగుంది.

భాషాపిచ్చి:
వినడానికి బాగుండటమే ఇక్కడ ప్రమాదం పెన్నా గారూ 🙂 వెల్ష్ మిన్ని, బ్రెటన్ మెన్నౌట్ దగ్గర నేను గట్టిగా నిలబడతా, ఆ ముగ్గురూ ఒక్క తల్లి పిల్లలు. అంతకన్నా పైకి ఎక్కాలంటే ధ్వని ఒక్కటే నిచ్చెన చాలదు, ఆ న్న ఎక్కడిదో కూడా లెక్క చెప్పాలి. పొద్దున మీరే అన్నారు ఏ మాటనైనా ఏ మాటకైనా ముడి వేయొచ్చా అని.

పెన్నాతీరం:
నా కత్తితో నన్నే పొడిచినారు.

పాతపుస్తకం:
డాలీ పెంట్రీత్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మౌజల్ అనే ఊళ్ళో చేపలమ్ముకునే ఆవిడ, 1777లో పోయింది, కార్నిష్ మాట్లాడిన ఆఖరి మనిషని ఆవిడకే పేరొచ్చింది. ఆవిడ చివరి మాటలు కూడా ఇవేనని చెప్పుకుంటారు, "మీ నే విడ్న్ కెవ్‌జెల్ సౌజ్‌నెక్". నేను నమ్మను లెండి. ఆవిడకి ఇంగ్లీషు వచ్చు, చేపలు ఇంగ్లీషులోనే అమ్మింది. కేర్యూ వాక్యాన్ని తర్వాతవాళ్ళు ఆవిడ నోట్లో పెట్టారనిపిస్తుంది.

1768లో డైన్స్ బారింగ్టన్ అనే లాయరు గారు ఆవిడని వెతుక్కుంటూ వెళ్ళిన కథ మాత్రం ఆయనే రాశాడు. కార్నిష్‌లో మాట్లాడగలిగేవాళ్ళు ఎవరూ లేరని తానే పందెం కట్టినట్టు ఆవిడకి చెప్పించాడట. ఆవిడ రెండు మూడు నిమిషాలు కోపంగా ఏదో భాషలో దంచేసింది, ఆయన చెవికి వెల్ష్‌లా ఉంది. ఎదురిళ్ళ ఆడవాళ్ళిద్దరు గుమ్మాల్లో నిలబడి నవ్వుతున్నారు. నన్ను తిడుతోందా అని వాళ్ళని అడిగితే, బాగా తిడుతోంది, తనకి కార్నిష్ రాదనుకున్నందుకు, అన్నారు. కేర్యూ దగ్గర ఇంగ్లీషు రాదని చెప్పిన మనిషి, ఇక్కడ కార్నిష్ రాదంటావా అని తిట్టిన మనిషి. నూట అరవై ఆరేళ్ళలో ప్రశ్నే తిరగబడిపోయింది.

బ్రిస్టల్‌బాబాయ్:
అయ్యో, మేం మౌజల్ వెళ్ళాం! దాని పైనే పాల్ అని ఊరు, చర్చి ఆవరణ గోడలో ఆవిడ రాయి ఉంది, 1860లో పెట్టింది, నెపోలియన్ బంధువు లూయీ లూసియెన్ బోనపార్ట్ పెట్టించాడు. ఫోటో తీశా, ఇప్పుడు తెరిచి చూస్తున్నా. కింద బైబిల్లోని ఆజ్ఞ ఒకటి కార్నిష్‌లో చెక్కారు, "గ్వ్రా పెర్థి దే తాజ్ హా దే మామ్", నీ తండ్రినీ తల్లినీ గౌరవించు అని. ఇందులో కూడా మిన్నెస్ ఉందా?

భాషాపిచ్చి:
లేదండి, "గ్వ్రా" అంటే పైన చెప్పిన గుల్, "చెయ్యి" అని. గౌరవించడం చెయ్యి. మిన్నెస్ లేదు సరే, మొదటి అక్షరం మెత్తబడటం కూడా ఉండాల్సిన చోట లేదు. "దే" అంటే నీ. పైన దా బెన్ అని చెప్పా కదా. ఇప్పుడు చూడండి.

పంతులుగారు:
ఆగమ్మా, నేను చెబుతాను. త ద అవుతుంది, మ వ అవుతుంది అన్నావు. అయితే రాతి మీద "దే దాజ్", "దే వామ్" అని ఉండాలి. తాజ్, మామ్ అని ఉంటే ఆదేశం చేయలేదన్నమాట. అవునా?

భాషాపిచ్చి:
అవునండి 😅 పైగా డాలీ కాలానికి ఆ మామ్ నోట్లో మాబ్మ్ అయ్యుండాలి, మెత్తబడితే వాబ్మ్.

పంతులుగారు:
రాతి మీద ఎర్రసిరా అంటదు, లేకపోతే నేనే వెళ్ళి దిద్దేవాణ్ణి. బాబూ బ్రిస్టల్, ఆ ఫోటో కాస్త పెద్దది పెట్టు, రెండో పంక్తి కనపడటం లేదు.

బ్రిస్టల్‌బాబాయ్:
పెడతా మాస్టారూ. మా చిన్నది ఆ రాయికి అడ్డంగా నిలబడి ఐస్‌క్రీమ్ తింటోంది, అది లేనిది వెతకాలి.